49 రూపాయలతో మొదలైంది: ఫాంటసీ క్రికెట్‌లో నేను పోగొట్టుకున్నది ఎంతో ఇప్పుడు లెక్క తీశా

ఇక్కడ నేను మామూలుగా ఫోన్ల గురించి రాస్తుంటా. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, రాత్రి ఫొటోలు ఎలా పడతాయి, 20 వేల లోపు ఏది కొనొచ్చు, ఇవీ నా టాపిక్స్. ఈసారి ఒక యాప్ గురించి. యాప్ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు సగం నాది. కానీ రెండేళ్లు రోజూ వాడిన యాప్ కాబట్టి దీని మీద రాసే అర్హత నాకు బాగానే ఉంది. ఏ ఫోన్‌నీ నేను అంతసేపు టెస్ట్ చేయలేదు.

ఫాంటసీ క్రికెట్ అంటే తెలియనివాళ్లు ఈ సైట్ చదివేవాళ్లలో ఉండరనుకుంటా. అయినా రెండు ముక్కల్లో: ఆ రోజు మ్యాచ్ ఆడే రెండు జట్లలోంచి మీరు 11 మందిని ఎంచుకుంటారు. వాళ్లు నిజం మ్యాచ్‌లో కొట్టే పరుగులకి, తీసే వికెట్లకి పాయింట్లు వస్తాయి. కెప్టెన్‌కి రెట్టింపు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్లు. ఎంట్రీ ఫీజు కట్టి కాంటెస్ట్‌లో చేరతారు. మ్యాచ్ అయ్యేసరికి ర్యాంక్, ర్యాంక్‌ని బట్టి డబ్బు. సీజన్ మొత్తం ఒకే టీం నడిపే పాత ఫాంటసీ లీగ్ వేరు. ఇది రోజుకో ఆట, రోజుకో ఫలితం. గొడవంతా ఆ 'రోజూ' అన్న మాటలోనే ఉంది.

ఒక 'తెలివైన' టెకీ

మాది ఆదోని దగ్గర ఒక ఊరు. ఉద్యోగం హైదరాబాద్‌లో, అప్పట్లో ఎస్ఆర్ నగర్ హాస్టల్‌లో ఉండేవాణ్ని. అంటే పుట్టిన రాష్ట్రంలోనూ, బతుకుతున్న రాష్ట్రంలోనూ ఈ ఆట డబ్బు పెట్టి ఆడకూడదు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని మార్చి, 'స్కిల్ గేమ్' అన్న మినహాయింపుని తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబర్‌లో అదే దారి పట్టింది. టీవీ యాడ్‌లో క్రికెటర్లు నవ్వుతూ రమ్మంటారు, చివర్లో సన్న గొంతు ఒకటి గబగబా ఈ రాష్ట్రాల పేర్లు చదివేస్తుంది. గుర్తుందిగా?

2020లో ఫోన్ కంపెనీ వివో ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్‌షిప్ నుంచి ఆ ఏడాదికి తప్పుకుంటే, ఆ చోటుని 222 కోట్లకి తీసుకుంది డ్రీమ్11. ఫోన్ అమ్మేవాడు పోయి, ఫోన్‌లో ఆడించేవాడు వచ్చాడన్నమాట. అదే సెప్టెంబర్‌లో, ఐపీఎల్ మొదలవడానికి ముందు రోజు, పేటీఎం యాప్‌ని గూగుల్ కొన్ని గంటల పాటు ప్లే స్టోర్ నుంచి తీసేసిన సంగతి కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో డబ్బుతో ఆడే ఫాంటసీ యాప్‌లకి ప్లే స్టోర్‌లో చోటు లేదు. ఏపీకే ఫైల్ వాళ్ల వెబ్‌సైట్ నుంచి దించుకోవాలి, ఫోన్ ఇచ్చే వార్నింగ్‌ని కొట్టేసి ఇన్‌స్టాల్ చేయాలి.

మామూలు మనిషి ఆ వార్నింగ్ చూసి ఆగుతాడు. నేను టెకీని కదా, ఆగలేదు. లొకేషన్ తెలంగాణ అని చూపిస్తే యాప్ డబ్బు కాంటెస్ట్‌లు తెరవదు. రూమ్మేట్ ఒకడు ఫేక్ జీపీఎస్ పెట్టుకుని తన ఫోన్‌ని బెంగళూరు పంపించేశాడు. అర గంటలో నేనూ బెంగళూరు చేరిపోయా. ఏదో సాధించినట్టు ఫీలింగ్.

కేవైసీ దగ్గర బండి ఆగింది. నా ఆధార్‌లో అడ్రస్ కర్నూలు జిల్లా. గెలిచినా డబ్బు బయటికి రాదు. మా మేనమామ కొడుకు బళ్లారిలో పుట్టి పెరిగాడు, నాకంటే రెండేళ్లు పెద్ద. "బావా, నీ పాన్ కార్డు, బ్యాంక్ అకౌంట్ కొంచెం వాడుకుంటా, ఓటీపీ చెప్పు చాలు" అన్నా. చెప్పాడు. ఎందుకని కూడా అడగలేదు. చుట్టాల్లో 'కంప్యూటర్ తెలిసినవాడు' అన్న పేరుంటే వచ్చే సౌకర్యం ఇది.

కమిన్స్ చేసిన అన్యాయం

2022 ఏప్రిల్ 6. కోల్‌కతా, ముంబై మ్యాచ్. ప్యాట్ కమిన్స్‌ని వైస్ కెప్టెన్‌గా పెట్టా, బౌలర్ కదా రెండు మూడు వికెట్లు తీస్తాడని. అతను బ్యాట్ పట్టుకొచ్చి 15 బంతుల్లో 56 కొట్టాడు. 14 బంతుల్లో ఫిఫ్టీ. ఆ రాత్రి నాకు 11,400 వచ్చింది. పది వేలు దాటింది కాబట్టి 30 శాతం టీడీఎస్ పోయి 7,980 చేతికొచ్చింది.

ఒక్క నిమిషం ఆలోచించండి. నేను అతన్ని తీసుకున్నది బౌలింగ్ కోసం. డబ్బొచ్చింది బ్యాటింగ్ వల్ల. నా అంచనా తప్పింది, ఆ తప్పుకే బహుమతి వచ్చింది. కానీ మర్నాడు ఆఫీసులో నేను చెప్పిన కథ వేరు: "కమిన్స్ మీద నాకు ముందే నమ్మకం ఉంది రా." వారం తిరిగేసరికి ఆ కథని నేనే నమ్మేశా. ఓడిపోయి ఉంటే ఆ నెలలోనే యాప్ తీసేసేవాణ్ని. ఇప్పటికీ కమిన్స్ బౌలింగ్‌కి వస్తే నాకు కాస్త కోపంగానే ఉంటుంది. ఆయనకేం తెలుసు పాపం.

ఇది స్కిల్లా, లక్కా?

రెండూ. ఈ జవాబు తప్పించుకోవడానికి చెప్తున్నది కాదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. పిచ్ ఎలా ఉంది, టాస్ ఎవరు గెలిచారు, ఫలానా బ్యాటర్ లెఫ్టార్మ్ స్పిన్‌కి ఎన్నిసార్లు అవుటయ్యాడు, ఇవి తెలిసినవాడికి తెలియనివాడి మీద పైచేయి ఉంటుంది. ఒప్పుకుంటా. 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఫాంటసీ ఆటని నైపుణ్యం ఉన్న ఆటగానే చూసింది. ఈ స్కిల్ వాదనకి మూలాల్లో ఒకటి మన సికింద్రాబాద్‌లోనే ఉంది తెలుసా? అక్కడి ఒక క్లబ్‌లో రమ్మీ ఆడించిన కేసులో, 1960ల చివర్లో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత వచ్చిన గేమింగ్ కంపెనీలన్నీ ఆ తీర్పుని నెత్తిన పెట్టుకున్నాయి.

సరే, స్కిల్ ఉంది. ఎవరి స్కిల్? 22 మందిలోంచి 11 మందిని ఎంచుకునే మార్గాలు 7,05,432. ప్రతి దాంట్లో కెప్టెన్, వైస్ కెప్టెన్‌ని మార్చుకుంటూ పోతే 110 రకాలు. గుణిస్తే 7.75 కోట్లు దాటుతుంది. క్రెడిట్లు, కీపర్ రూల్స్ వల్ల ఇందులో కొన్ని పోతాయి, పనికిరాని టీంలూ బోలెడు పోతాయి. అయినా మిగిలేది పెద్ద సముద్రమే. ఒక మనిషికి 20 టీంల వరకు పెట్టుకోవచ్చని యాప్ ఉదారంగా అనుమతి ఇస్తుంది. నేను ఆ ఇరవైని రాత్రి భోజనం మానేసి చేత్తో తయారు చేసేవాణ్ని. అవతల దీన్నే పనిగా పెట్టుకున్నవాడు స్ప్రెడ్‌షీట్‌తో పది నిమిషాల్లో చేస్తాడు. ఇద్దరం ఒకే కాంటెస్ట్‌లో.

అమెరికాలో ఈ ఆట మన కంటే ముందే ముదిరింది. అక్కడ 2015 బేస్‌బాల్ సీజన్ మొదటి సగాన్ని పరిశీలించిన ఒక విశ్లేషణలో తేలిందేమిటంటే, ఆటగాళ్లకి వచ్చిన లాభాల్లో 91 శాతం కేవలం 1.3 శాతం మందికే వెళ్లింది. అదే ఏడాది అక్టోబర్‌లో డ్రాఫ్ట్‌కింగ్స్ ఉద్యోగి ఒకడు పోటీ సైట్ ఫ్యాన్‌డ్యూయెల్‌లో ఆడి మూడున్నర లక్షల డాలర్లు గెలవడం పెద్ద రచ్చయింది. ఎవరు ఏ ఆటగాణ్ని ఎంత శాతం మంది తీసుకున్నారన్న డేటా ఉద్యోగుల చేతిలో ఉంటుంది కదా అన్నది జనం అనుమానం. కంపెనీ అతను తప్పేమీ చేయలేదంది. కానీ ఆ తర్వాత రెండు కంపెనీలూ తమ ఉద్యోగులు వేరే సైట్లలో డబ్బుతో ఆడకుండా కట్టడి చేశాయి.

49 రూపాయల లెక్క

మెగా కాంటెస్ట్ గురించి ఒక ఉదాహరణ వేసుకుందాం. 10 లక్షల ఎంట్రీలు, ఒక్కోటి 49 రూపాయలు. మొత్తం 4.9 కోట్లు. అందులో 4 కోట్లు బహుమతులకి పోయాయనుకోండి, 90 లక్షలు నడిపినవాడికి. ఈ 4 కోట్లలో ఫస్ట్ ప్రైజ్ ఒక్కటే కోటి. మిగతా 9,99,999 ఎంట్రీలకి కలిపి 3 కోట్లు. అంటే ఆ ఒక్క అదృష్టవంతుడు మీరు కాకపోతే, 49 పెట్టిన సగటు ఎంట్రీకి తిరిగొచ్చేది 30 రూపాయలు. నాకు స్కిల్ ఉంది అంటే, ముందు ఈ 19 రూపాయల గుంత పూడ్చేంత స్కిల్ ఉండాలి. లాభం సంగతి ఆ తర్వాత.

2023 అక్టోబర్ 1 నుంచి ఈ గుంత ఇంకా లోతైంది. డిపాజిట్ మీదే 28 శాతం జీఎస్టీ వచ్చింది. వంద వేస్తే పన్ను పోను మిగిలేది 78 రూపాయల చిల్లర. తేడాని చాలా యాప్‌లు 'బోనస్' పేరుతో కలిపి చూపించాయి. ఆడేవాడికి వ్యాలెట్‌లో వందే కనిపిస్తుంది, నొప్పి తెలియదు. గెలిస్తే మళ్లీ నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్. అంతకు ముందున్న పది వేల మినహాయింపు 2023 ఏప్రిల్ నుంచే పోయింది.

ఇంజనీరింగ్ చదివినవాణ్ని, ఈ లెక్క నాకు రాదా? వచ్చు. కానీ వేయలేదు. ఎందుకు వేయలేదో యాప్ డిజైన్ చూస్తే తెలుస్తుంది. టాస్ మ్యాచ్‌కి అర గంట ముందు పడుతుంది. ప్లేయింగ్ లెవెన్ వచ్చిందని వెంటనే నోటిఫికేషన్. పైన ఎర్ర అక్షరాల్లో కౌంట్‌డౌన్. 'మరో 1,200 స్పాట్లే మిగిలాయి' అని ఒక గీత నిండుతూ ఉంటుంది. యూపీఐ పిన్ నాలుగో ఆరో అంకెలు. ఇంత హడావిడిలో కాలిక్యులేటర్ ఎవడు తెరుస్తాడు? మ్యాచ్ నడుస్తుంటే ర్యాంక్ కళ్ల ముందే మారుతుంది. ఒక దశలో 412వ ర్యాంక్ అని కనిపిస్తుంది, చివరికి రెండు లక్షల దగ్గర తేలతాం. మనకి గుర్తుండేది ఆ 412. 'ఒక్క వికెట్ పడి ఉంటేనా' అన్న మాట నేను ఆ రెండేళ్లలో ఎన్నిసార్లు అన్నానో.

ఇక టెలిగ్రామ్ గురువులు. 'ఈ రోజు గ్రాండ్ లీగ్ టీం, 199కే' అని అమ్ముతారు. నేనూ కొన్నా, రెండు నెలలు. ఒకసారి రూమ్మేట్‌కీ నాకూ ఒకే గురువు వేర్వేరు గ్రూపుల్లో వేర్వేరు టీంలు పంపాడని బయటపడింది. పది గ్రూపులకి పది టీంలు పంపితే ఏదో ఒకటి బాగా ఆడుతుంది. మర్నాడు ఆ గ్రూప్ స్క్రీన్‌షాటే అన్ని చోట్లా తిరుగుతుంది, మిగతా తొమ్మిది చాట్‌లు డిలీట్. ఐడియా మాత్రం సూపర్.

నవంబర్ 19

2023 అక్టోబర్‌లో బావకి ఆదాయపు పన్ను శాఖ నుంచి మెయిల్ వచ్చింది. ఆ 11,400 అతని పాన్ మీద పడింది కదా. అతను జీతం ఒక్కటే చూపించి ఐటీఆర్-1 వేశాడు. ఇలాంటి గెలుపు డబ్బు ఉంటే ఆ ఫారం చెల్లదు. "నా పేరు మీద ఇంకా ఏమేం నడుపుతున్నావు రా?" అని ఫోన్ చేశాడు. గొంతు పెంచలేదు. అదే ఇబ్బంది. ఆడిటర్ ఫీజు నేనే ఇస్తా అన్నా. సరే అని పెట్టేశాడు. తర్వాత చాలా రోజులు మా మధ్య మాటల్లేవు.

అక్కడైనా ఆపాల్సింది. వరల్డ్ కప్ నడుస్తోంది. ఇండియా వరసగా పది గెలిచింది. ఫైనల్‌కి రెండు రోజుల ముందు మా నాయన 32,000 పంపాడు. పత్తి అమ్మిన డబ్బు, చెల్లెలి కాలేజీ హాస్టల్ ఫీజు. ఆన్‌లైన్ కట్టుబడి ఇంట్లో నా పని కాబట్టి నా అకౌంట్‌కి వచ్చింది. గడువు ఇంకా ఆరు రోజులుంది.

ఫైనల్ రోజు అందులోంచి 18,000 వేశా. 49 కాంటెస్ట్‌లు కాదు, పెద్దవి, తక్కువ మంది ఉండేవి. పోటీ తక్కువ అనుకున్నా. నిజానికి అక్కడుండేదే ముదుర్లు. 20 టీంలు. కోహ్లీ, రోహిత్, షమీ, వీళ్లనే అటూ ఇటూ కెప్టెన్లుగా తిప్పా. పది మ్యాచ్‌ల ఊపు ఉంది, మన జట్టు, మన మైదానం. అది స్కిల్ కాదు, అభిమానం. ట్రావిస్ హెడ్ ఆరు టీంలలో ఉన్నాడు, కెప్టెన్‌గా ఒక్కదాంట్లోనూ లేడు. 137 కొట్టాడు. దేశమంతా ఏడుస్తున్న రాత్రి కాబట్టి హాస్టల్‌లో నా మొహం చూసి ఎవరికీ అనుమానం రాలేదు.

మూడో రోజు నా ఫోన్ అమ్మేశా. 34,999కి కొన్నది, ఏడు నెలల పాతది, 17,500కి పోయింది. (రివ్యూకి వచ్చే ఫోన్లు కంపెనీకి తిరిగి పంపాలి, అవి మావి కావు. చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నా.) మిగతా 500 రూమ్మేట్ ఇచ్చాడు. గడువుకి ఒక రోజు ముందు ఫీజు కట్టా. పండక్కి ఊరికి పోతే నాయన అడిగాడు, "ఫోను ఏమాయ రా?" అని. కింద పడి పగిలిందన్నా. "సూసుకోని పట్టుకోవల్ల గదా" అన్నాడు, అంతే.

స్టేట్‌మెంట్ చెప్పిన నిజం

నేను పోగొట్టుకున్నది ఇరవై, ఇరవై ఐదు వేలు ఉంటుందని చాలాకాలం నమ్మా. తర్వాత ఒక ఆదివారం బ్యాంక్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించి, యాప్ పేరుతో సెర్చ్ కొట్టి, ఒక్కో లైన్ ఎక్సెల్‌లో వేశా. వేసింది 1,18,650. బావ అకౌంట్ ద్వారా తిరిగొచ్చింది 31,240. తేడా 87,410. ఐపీఎల్ 2024లో ఒకసారి జారి వేసిన 490 కూడా ఇందులో ఉంది.

యాప్‌లో ఈ అంకె ఎక్కడా కనిపించదు. 'మీరు ఇప్పటిదాకా గెలిచింది' అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మీరూ ఆడి ఉంటే ఈ ఒక్క పని చేయండి. అర గంట పడుతుంది.

నాకు పనిచేసినవి చిన్న పనులే. జీతం పడే అకౌంట్‌ని యూపీఐ నుంచి తీసేశా. ఖర్చులకి వేరే అకౌంట్‌లో వారానికి ఇంత అని వేసుకుంటా, యూపీఐ రోజువారీ లిమిట్ తగ్గించా. సెవెన్ థర్టీ మ్యాచ్ ఉన్న రోజుల్లో ఏడు నుంచి ఎనిమిది దాకా ఫోన్ టేబుల్ మీద పెట్టి జిమ్‌కి పోయేవాణ్ని. బాడీ ఏమీ రాలేదు.

ఇప్పుడైతే బ్యాన్ కదా?

అవును. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. స్కిల్ అయినా లక్ అయినా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. యాడ్స్ చేసేవాళ్లకి రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాళ్లకి శిక్ష లేదు, వాళ్లని బాధితులుగా చూస్తారు. డ్రీమ్11 డబ్బు కాంటెస్ట్‌లు ఆపేసింది, టీమిండియా జెర్సీ మీంచి కూడా తప్పుకుంది.

మరి ఈ ఆర్టికల్ ఇప్పుడెందుకు? కామెంట్లలో మీరే అడుగుతున్నారు కాబట్టి. 'అన్నా, ఫలానా ఏపీకే సేఫేనా?', 'వీపీఎన్ పెడితే నడుస్తుందా?' అని. నేను 2022లో అడిగిన ప్రశ్నలే ఇవి, ఒక మెట్టు కింద. అప్పటి యాప్‌కి కనీసం ఆఫీసు ఉండేది, కస్టమర్ కేర్ ఉండేది, టీడీఎస్ కట్టేది. ఇప్పుడు టెలిగ్రామ్‌లో తిరిగే వాటికి అడ్రస్ లేదు. డిపాజిట్ ఎవరో వ్యక్తి యూపీఐ ఐడీకి వెయ్యమంటారు, రోజుకో ఐడీ. గెలిచినట్టు వ్యాలెట్‌లో చూపిస్తారు, తీసుకోబోతే 'ముందు ట్యాక్స్ కట్టండి' అంటారు. ఏపీకే అడిగే పర్మిషన్లు చూడండి. క్రికెట్ టీం పెట్టడానికి ఎస్ఎంఎస్ చదవడం ఎందుకు?

ఇంకో ఆఫర్ వస్తుంది: 'మీ అకౌంట్ మాకు అద్దెకివ్వండి, నెలకి ఇంత ఇస్తాం.' మా బావ నాకిచ్చినట్టు ఓటీపీ ఇచ్చేయకండి. ఆ అకౌంట్‌లోంచి ఎవరిదో మోసం డబ్బు పోతే, పోలీసులు వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లింటికి. ఇప్పటికే డబ్బు పోయుంటే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఆపలేకపోతున్నా, నిద్ర పట్టడం లేదు అనుకుంటే టెలి-మానస్ 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.

బావతో మళ్లీ మాటలు కలవడానికి ఏడాది పట్టింది. 2025 సెప్టెంబర్ 28న, ఆసియా కప్ ఫైనల్‌కి బళ్లారిలో వాళ్లింట్లో ఉన్నా. మన జట్టు జెర్సీ మీద స్పాన్సర్ పేరు లేదు, ఖాళీ. 147 కొట్టాలి, 20కే మూడు పోయాయి. మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ నిలబడ్డాడు. చివరి ఓవర్లో పది కావాలి, రెండో బంతికి సిక్స్. ఇల్లంతా లేచి అరిచింది. నేనూ అరిచా. అరుస్తూనే తలలో ఒక మూల 'ఆరు, బోనస్ రెండు, వైస్ కెప్టెన్ అయితే పన్నెండు' అని లెక్క నడుస్తోంది. యాప్ తీసేసి అప్పటికి ఏడాది దాటింది.

బావ నా వైపు చూసి, "ఏంది రా, పెదాలు కదుపుతున్నావు?" అన్నాడు.

ఏం లేదన్నా. నాయనకీ చెల్లెలికీ ఇంకా చెప్పలేదు. చెల్లెలు ఈ సైట్ చదువుతుంది.